నాజూకు సామాను

మా దవాఖానాకు గుండె గీతలు తీసే యంత్రం దయచేసిన సంగతిని ఇందుమూలంగా సకల జనులకూ తెలియజేస్తున్నాను. యంత్రం వచ్చింది అనకూడదు, దయచేసింది అనాలి. అలా అనాలని కచేరీ నుంచి నాకు రాతపూర్వకంగా హుకుం ఉంది.

దవాఖానా శామీర్‌పేట చెరువుకు అవతలి పక్క, పేరు చెప్పనక్కరలేని ఒక ఊళ్ళో ఉంది. రెండు గదులు, ఒక వరండా, నాలుగు మంచాలు. డాక్టరు గారు నగరంలో ఉంటారు. నెలకొక గురువారం వస్తారు, వాన లేకపోతే. మిగతా రోజుల్లో వచ్చే రోగాలను నర్సు రాహేలూ, కాంపౌండరు సత్యానందమూ చూసుకుంటారు. ఆ సత్యానందాన్ని నేనే. రాహేలు మేడ్చల్ చర్చి వాకిట్లో పెరిగిన పిల్ల. నగరంలో పెద్ద ఆస్పత్రిలో మూడేళ్ళు పని నేర్చుకుని వచ్చింది. ఆమెకు పని తెలుసు, నాకు భయం తెలుసు. ఇద్దరమూ కలిసి దవాఖానాను నడుపుతున్నాం.

మా ఊరి దొరవారికి ఒకనాటి మధ్యాహ్నం, భోజనం ముగిసిన అరగంటకు, రొమ్ములో ఎడమపక్క ఏదో కదిలింది. శొంఠి నీళ్ళు తాగితే తగ్గిపోయింది. అయినా దొర గుండె కదలడం మామూలు విషయం కాదు. అప్పుడే యుద్ధం ముగిసి, సికిందరాబాదు దండు వాళ్ళు యాప్రాల్ పక్క మైదానంలో అక్కరలేని సామాను వేలం వేస్తున్నారు. బూట్లు, గుడారాలు, దోమతెరల మధ్య ఈ యంత్రం కనిపించింది. దొరవారు దాన్ని వేలంలో పాడుకుని దవాఖానాకు దానం చేశారు. ముందు తన గుండె చూడాలనీ, తరువాత వీలునుబట్టి పేదల గుండెలు కూడా చూడవచ్చుననీ సెలవిచ్చారు. అంతటి దాత మా చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో లేడు.

యంత్రాన్ని తెప్పించే బాధ్యత కచేరీ పేష్కారు ఇనాయతుల్లా సాహెబు గారి మీద పడింది. పేష్కారు అంటే తహసీల్దారు ముందు కాగితాలు పెట్టే ఉద్యోగి. మా తహసీల్దారు గారికి కాగితాలు చదివే అలవాటు లేదు కనుక రాజ్యమంతా పేష్కారు గారే ఏలుతున్నారు. యాప్రాల్ నుంచి మా ఊరికి తిన్నగా బస్సు ఉంది. బస్సు కుదుపుతుందని పేష్కారు గారు యంత్రాన్ని వెనక్కు సికిందరాబాదు పంపి, అక్కడ రైలెక్కించి, మేడ్చల్‌లో దింపించి, అక్కడినుంచి ఏడు మైళ్ళు మనిషి నెత్తిమీద తెప్పించాలని నిర్ణయించారు. ఆ నిర్ణయం రాసిన కాగితం నా దగ్గర ఉంది, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది.

ఆయన చేసిన రెండో ఏర్పాటు చీటీ. అరచేతి వెడల్పు గట్టి అట్ట, పైన ఇత్తడి కన్నం, కన్నంలో ఎర్రదారం. దానిమీద ఉర్దూలోనూ తెలుగులోనూ స్వయంగా ఇలా రాశారు: "నాజూకు సామాను. సర్కారు రక్షణలో ఉన్నది. దీనిపై బరువు మోపరాదు. ఎండలో ఉంచరాదు. కుదపరాదు, తన్నరాదు. పూటపూటకు క్షేమము విచారించవలెను. హాని జరిగిన యెడల పోలీసు పటేలు జవాబుదారీ." కింద లక్కతో ముహరు వేశారు. కచేరీ పద్ధతి ప్రకారం ముహరు పడిన చీటీని ఎవరైనా కట్టవచ్చు, విప్పడానికి మాత్రం నగరంలోని పై కచేరీ హుకుం కావాలి. యంత్రం గమ్యం చేరాక విప్పుకోవడానికి హుకుం ముందే తెప్పించి పెట్టుకున్నారు.

ఇక మోసే మనిషి సంగతి. వెట్టిని సర్కారు ఎప్పుడో రద్దు చేసింది కనుక మా ఊళ్ళో వెట్టి లేదు. పిలిచినప్పుడు రావడం, చూపించింది మోయడం, ఏమీ అడగకుండా పోవడం మాత్రం ఉన్నాయి. దానికి ఇంకా పేరు పెట్టలేదు. ఆ పేరులేని పనిలో మొగులయ్యను మించినవాడు లేడు. యాభై ఏళ్ళ మనిషి. నిండు కుండ నెత్తిన పెట్టుకుని గట్లమీద నడిచినా చుక్క తొణకదు. ఇద్దరు పట్టి లేపితే గాని లేవని ఆ పెట్టెను అందుకే అతనొక్కడి నెత్తిన పెట్టారు. పక్కన ఒక మనిషి నడుస్తూ పెట్టెకు గొడుగు పట్టాడు. గొడుగు అంచు వంగినప్పుడల్లా మొగులయ్య ముఖానికి కూడా కాస్త సర్కారీ నీడ తగిలింది. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. దారిలో అతను రెండుచోట్ల ఆగి రొమ్ము పట్టుకున్నాడు. హుకుం లేకుండా రెండుసార్లు ఆగినట్టు, వెంట నడిచిన ఊరి పోలీసు పటేలు గుర్తు పెట్టుకున్నాడు.

దవాఖానా ముందు పందిరి వేశాం. తహసీల్దారు గారు చీటీ విప్పారు, అందరూ చప్పట్లు కొట్టారు. దొరవారు రొమ్ముకు అత్తరు పూసుకుని సిద్ధంగా వచ్చారు గాని, మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. దొరవారు వాడబోయే కొత్త వస్తువును ముందు మొగులయ్య మీద పరీక్షించాలి. కొత్త గుర్రాన్ని ముందు అతనే ఎక్కాడు. అది అతన్ని కిందపడేసింది, గుర్రాన్ని వాపసు పంపారు. కొత్త ఊయల గొలుసు అతను కూర్చుంటేనే తెగింది, ఊయలను వాపసు పంపారు. మొగులయ్యకు దెబ్బ తగిలితే వస్తువులో లోపం ఉన్నట్టు లెక్క. ఈ పరీక్ష ఇంతవరకు ఒక్కసారి కూడా తప్పలేదు.

కనుక మొగులయ్యను బల్లమీద పడుకోబెట్టారు. రాహేలు ఉప్పునీళ్ళలో తడిపిన గుడ్డలు చుట్టి రెండు చేతులకూ ఎడమకాలికీ పట్టీలు బిగించింది.

"కదలకు మొగులన్నా. ఊపిరి మామూలుగ తీస్కో" అంది.

గీత ఫోటో కాగితం మీద పడుతుంది. మందుల గది కిటికీలకు కంబళ్ళు కట్టి, ఆ చీకట్లో దాన్ని కడిగి, కట్లుకట్టే గుడ్డలు ఆరేసే తీగకు వేలాడదీసింది. మంచి గుండె గీత ఎలా ఉంటుందో నాకు అంతకుముందే చెప్పి ఉంది. సమదూరంలో నాటిన కంచె గుంజల్లా ఉంటుందట. మొగులయ్య కాగితంలో గుంజలు ఒకచోట గుంపుగా ఉన్నాయి, ఒకచోట అసలు లేవు. కొన్ని తలకిందులుగా కూడా ఉన్నాయి.

గోడమీద నియమావళి అంటించి ఉంది. నర్సు గీత తీయవచ్చును, చదవరాదు. చదువుట డాక్టరు గారి పని. రాహేలు ఆ కాగితాన్ని రెండు క్షణాలు చూసింది. ఆ తరువాత ఆమె చేసిన పని పెద్దమనుషులకు నచ్చలేదు. కాగితం నా చేతిలో పెట్టి, మనిషి దగ్గరికి వెళ్ళింది.

ముందు పట్టీలు తడిమి చూసింది. అవి బిగువుగానే ఉన్నాయి. గడియారం చూస్తూ ఒక పూర్తి నిమిషం నాడి పట్టుకుంది. అతని నుదురు చెమటతో చల్లగా ఉంది.

"నొప్పి ఏడున్నది?"

"నొప్పి గాదు నర్సమ్మా" అన్నాడు మొగులయ్య. "పెట్టె దింపినంక గూడ దింపనట్టే ఉన్నది."

"ఎప్పట్సంది?"

"మేడ్చల్ దాటినకాడికెల్లి. ఎడమ చెయ్యి గుంజుతాంది."

వీపుకింద దిండ్లు పెట్టి అతన్ని మంచంమీద వాలుగా కూర్చోబెట్టింది. రెండో గీత తీసింది, అదీ అలాగే వచ్చింది. రెండింటిమీదా వేళ రాసింది. "అన్నా, జల్దీ మనిషిని తోలు. గీ రెండు కాయితాలు డాక్టర్ సాబుకు చేరాలె. నేనీడికెల్లి కదల" అని నాతో చెప్పి, మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

నేను ఒక మనిషిని నగరానికి పంపి వచ్చేసరికి వరండాలో పెద్దమనుషుల షర్బత్తు అయిపోయింది. పేష్కారు గారు లోపలికి వచ్చి, తీగమీద మిగిలిన మొగులయ్య గీత తడి ముక్కను చూసి, బయటికి వెళ్ళి ఉపన్యసించారు.

"గుండె ఖరాబు కావాలంటే ఫికరుండాలె, మనసుల చింత ఉండాలె. జిమ్మేదారీ ఉండాలె. తహసీల్దార్ సాబుకు ఫికరున్నది. దొరవారికి మస్తు ఫికరున్నది. గీ మొగులయ్యకు ఏమున్నది? భూమి లేదు, నౌకరీ లేదు, పేరుమీద ఒక కాయితం లేదు. గుండె పరేషాన్ కానీకి వజా ఏంది, కారణమేంది? వజా లేకుండ బీమారి ఎట్లొస్తది? అందుకని ఖరాబైంది మిషను, మనిషి గాదు!"

చప్పట్లు మారుమోగాయి. గుర్రం విషయంలోనూ ఊయల విషయంలోనూ ఇలాగే తేలిందని పెద్దలు గుర్తు చేసుకున్నారు.

రాహేలు గుమ్మం దాకా వచ్చింది. "మిషను మంచిగనే ఉన్నది సాబ్. ఇంకొకరికి పెట్టి సూడుండ్రి" అంది. ఇంకొకరు అంటే నేనే. నన్ను పడుకోబెట్టి తీస్తే నా గీత కంచె గుంజల్లాగే వచ్చింది, భయంవల్ల కాస్త దగ్గర దగ్గరగా. పేష్కారు గారు ఆ ముక్కనూ నా కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. "జీతమున్నోని మీద నడుస్తాంది, జీతం లేనోని మీద నడుస్తలేదు. అంటే సగం ఖరాబు" అని తేల్చారు. మొగులయ్య గుండెకు అంటించి చెడిపోయిన యంత్రానికి తన గుండె అప్పగించనని చెప్పి దొరవారు శొంఠి నీళ్ళకు వెళ్ళిపోయారు.

కాగితం చదివినందుకు నర్సు సంజాయిషీ ఇవ్వాలని పేష్కారు గారు అడిగారు.

"నేను కాయితం సదవలేదు సాబ్. మనిషిని సూసిన" అంది రాహేలు.

మనిషిని చూడరాదని నియమావళిలో ఎక్కడా లేదు. అందుచేత ఆయన సంజాయిషీ మాట వదిలేసి, నన్ను కలం తీయమన్నారు. యంత్రాన్ని మరమ్మతుకు పంపాలి. రేపు పొద్దున పది గంటల బండికి మేడ్చల్ చేరాలి. చీటీ కట్టే పని నర్సుది. మోసే పని మొగులయ్యది, తెచ్చినవాడే తిరిగి మోయడం న్యాయం గనుక. ఆ హుకుం రాసింది నేనే. మొగులయ్య పేరు రాసేటప్పుడు నా కలం ఎక్కడా ఆగలేదు. ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

సాయంత్రం మొగులయ్య భార్య శివమ్మ గటక తీసుకుని వచ్చింది. హుకుం సంగతి ఆమెకు అప్పటికే తెలిసింది.

"మల్ల మోస్తే ఏమైతది నర్సమ్మా?"

"మోస్తే మేడ్చల్ దాక పోడు" అంది రాహేలు.

"మోయకపోతే?"

మోయనివాళ్ళ గుడిసెలు మా ఊళ్ళో ఏమయ్యాయో ముగ్గురికీ తెలుసు. శివమ్మ ఏడవలేదు. గటక చెంబు మూత తీసి, కలిపి, మొగులయ్య నోటికి అందించింది.

రాహేలు లేచి, బల్లమీద ఉన్న చీటీ తీసుకుని, మొగులయ్య కుడి మణికట్టుకు ఎర్రదారంతో మూడు ముళ్ళు వేసింది.

"రాహేలమ్మా, గది పెట్టెకు కట్టేది" అన్నాను.

"ఏది నాజూకుగున్నదో దానికే కట్టిన అన్నా. కట్టే పని నాదని నువ్వే రాసినవు గద" అంది.

పొద్దున్నే పోలీసు పటేలు కేకలేసుకుంటూ వచ్చాడు. అతనికి చదువు రాదు, ముహరు మాత్రం తెలుసు. మొగులయ్య చేతిమీద లక్క ముద్ర చూసి, లేపిన కర్రను చంకలో పెట్టుకుని రెండడుగులు వెనక్కు వేశాడు. కబురందుకుని పేష్కారు గారు వచ్చారు. చీటీ చదివారు. చేతిరాత ఆయనదే, ముహరూ ఆయనదే. విప్పమందామంటే పై కచేరీ హుకుం లేదు, ముందు తెప్పించిన హుకుం నిన్నటి విప్పడంతో ఖర్చయిపోయింది. తన ముహరు పొరపాటున పడకూడని చోట పడిందని ఒప్పుకోవడం ఆయన కొలువులోనే లేదు. కుర్చీ తెప్పించుకుని పావుగంట ఆలోచించి, మొగులయ్య చేతి చీటీ విప్పుటకు అనుమతి కోరుతూ నగరానికి దరఖాస్తు రాశారు. జవాబు వచ్చేదాకా చీటీలోని షరతులన్నీ అమలులో ఉంటాయని పటేలును హెచ్చరించారు.

యంత్రానికి చీటీ లేదు కనుక రక్షణ కూడా లేదు. దాన్ని ఎద్దుబండిలో వేసి పంపారు. దారిలో రెండుసార్లు దొర్లిపడి, మేడ్చల్ చేరేసరికి అది నిజంగానే పాడైంది. మరమ్మతు కార్ఖానావాళ్ళు ఆ మేరకు ధ్రువీకరించారు. యంత్రం పాడైన సంగతిని ఒకరోజు ముందే కనిపెట్టినందుకు పేష్కారు గారికి ప్రశంసాపత్రం వచ్చింది.

ఇక్కడ మొగులయ్యకు మంచి రోజులు నడిచాయి. పటేలు పొద్దునా సాయంత్రమూ వచ్చి, మంచానికి మూరెడు దూరంలో నిలబడి, "క్షేమమేనా?" అని అడిగేవాడు. పుట్టి బుద్ధెరిగాక మొగులయ్యను ఎవరూ ఆ మాట అడగలేదు. మొదటి రెండు రోజులు దానికి ఏమనాలో తెలియక లేచి నిలబడబోయాడు. పడుకునే జవాబు చెప్పవచ్చని రాహేలు నేర్పింది. వరండాలో కూర్చున్నప్పుడు పెట్టె గొడుగు అతనికి పట్టారు. ఏదైనా హాని జరిగితే తన మెడకు చుట్టుకుంటుందని పటేలే దొరవారి గడి నుంచి మజ్జిగ తెచ్చేవాడు. ఆ దారిన పోయే ఉద్యోగులు ముహరు చూసి సలాము చేసేవారు. రాహేలు రోజుకు మూడుసార్లు నాడి లెక్కపెట్టి రాసుకునేది. నెల తిరిగేసరికి నాడిలో ఖాళీలు తగ్గాయని చెప్పింది. ఆమె నవ్వడం నేను ఆ రోజే చూశాను.

ఆ నెల గురువారం వాన పడింది కనుక డాక్టరు గారు రాలేదు, ముప్పై ఒకటో రోజున ఆయన జవాబు వచ్చింది. "ఈ గీత గల మనిషిని తక్షణం పడుకోబెట్టవలెను. ఇక ఎన్నడూ బరువు మోయనివ్వరాదు. బతికి ఉన్న పక్షంలో తెలియజేయవలెను." ఇవన్నీ ఈ ఉత్తరం అందకముందే చేసినందుకు నర్సును మందలించాలని రెండో పేరాలో ఉంది. నేను మందలించాను. ఆమె సరే అంది.

నలభై ఒకటో రోజున పై కచేరీ హుకుం దిగింది. చీటీ విప్పాలి. యంత్రం బాగై మేడ్చల్ స్టేషనుకు చేరింది, ఆ చీటీతో మోసే మనిషిని పంపి తెప్పించుకుని, తరువాత చీటీని మిసిలుకు, అంటే కచేరీ కాగితాల కట్టకు, జతచేయాలి. మోసే మనిషి పేరు వాళ్ళు రాయలేదు. రాయనక్కరలేదని మా ఊళ్ళో అందరికీ తెలుసు.

హుకుం మంచం దగ్గర నిలబడి నేనే చదివాను. మొగులయ్య ఎడమ చేత్తో చీటీని కప్పుకున్నాడు.

"ఇప్పకుండ్రి సాబ్" అన్నాడు. "ఇప్పితే మల్ల మనిషినైత."

ఎండలో నిలబడితే చెమట పడుతుంది అన్నంత మామూలుగా అన్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. మందుల గదిలోకి వెళ్ళి కాసేపు అక్కడే నిలబడి, ముఖం కడుక్కుని, కలం తీశాను. నా ఉద్యోగ జీవితంలో ఎవరూ చెప్పకుండా నేను రాసిన మొదటి కాగితం అది. "ముడిని చేతితో విప్పవలెనా, కత్తితో కోయవలెనా? ముడి వేసిన నర్సు విప్పవలెనా, ముహరు గలవారు విప్పవలెనా? దారమును కూడ మిసిలుకు జతచేయవలెనా? దయతో తెలుపగోరెదను." పేష్కారు గారు చదివి నా భుజం తట్టారు. ఇంత లోతైన ప్రశ్న తనకు తట్టనందుకు నొచ్చుకుంటూ నాలుగో ప్రశ్న ఆయనే చేర్చి, నగరానికి పంపారు. జవాబు ఇంకా రాలేదు. చీటీ లేకుండా యంత్రాన్ని కదిలించే ధైర్యం ఎవరికీ లేక అది మేడ్చల్ స్టేషనులోనే ఉంది. మొగులయ్య చీటీతో సహా తన గుడిసెలో ఉన్నాడు. పటేలు రెండు పూటలా అక్కడికే వెళ్ళి క్షేమం అడుగుతున్నాడు.

ఈ సంగతి చుట్టుపక్కల ఊళ్ళకు పాకింది. పోయిన సోమవారం దవాఖానా తలుపు తీసేసరికి వరండాలో పదకొండుమంది కూర్చుని ఉన్నారు. ముందు శివమ్మ ఉంది. ఆమె వెనక గడిలో వడ్లు దంచే గంగమ్మ, కచేరీకి కట్టెలు మోసే అంజయ్య, ఇంకా నాకు పేర్లు తెలియనివాళ్ళు. అందరి చేతుల్లోనూ ఇంటినుంచి తెచ్చుకున్న తలా ఒక దారపు ముక్క ఉంది.

"మా గుండె గూడ సూడు నర్సమ్మా" అంది శివమ్మ. "సూడకున్న మంచిదే. చీటీ కట్టు."

అందరూ మణికట్లు చాచారు. రాహేలు ముక్కాలిపీట వేసుకుని, గడియారం చూస్తూ, ఒక్కొక్కరి నాడి పూర్తి నిమిషం పట్టుకుంది. నేను పరుగున కచేరీకి వెళ్ళి మరి పదకొండు చీటీలు కావాలని దరఖాస్తు పెట్టాను. ఈ జవాబు మాత్రం ఆ పూటే వచ్చింది. విచారించగా ఆ ఊళ్ళో నాజూకు సామాను ఒక్కటే ఉన్నట్టు తేలినదనీ, దానికి చీటీ ఇదివరకే ఇవ్వబడినదనీ పేష్కారు గారు రాశారు.

జవాబు చదివి వినిపించాను. దారపు ముక్కలు కొంగుల్లోనూ రుమాళ్ళలోనూ దోపుకుని, అందరూ లేచారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే, మనుషులుగా తిరిగి వెళ్ళిపోయారు.